మోకాలికి ఆకలి

మా బావ మా అక్క ల్యాప్‌టాప్‌కి విముక్తి ప్రసాదించిన రోజున అది బాగానే పనిచేస్తోంది. ఈ ముక్క ముందే చెప్పాలి. ఎందుకంటే ఆయన ఎవరికి చెప్పినా "చచ్చిపోయేదాన్ని బతికించాను" అనే మొదలుపెడతాడు. అదేమీ చచ్చిపోవడం లేదు. కొంచెం నెమ్మదిగా లేచేది, అంతే. అక్క దాన్ని ఆన్ చేసి, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చేది. పాలు పొంగేలోపు అదీ లేచేది. వాళ్ళిద్దరికీ ఒక ఒప్పందం కుదిరిపోయింది. మధ్యలో బావకి ఏం పనో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బావ కుళాయిలూ వాష్‌బేసిన్లూ నిలవుంచే గోడౌన్‌లో స్టాకు చూస్తాడు. పగలంతా అవి చూసి, సాయంత్రం ఇంటికొచ్చి ప్రపంచాన్ని విడిపించడానికి కూర్చుంటాడు. ఇంటర్నెట్‌లో ఆయనలాంటివాళ్ళది ఒక గుంపు ఉంది. ఒకరికొకరు ఎప్పుడూ కనిపించలేదు, కానీ అందరిదీ ఒకటే మతం, లినక్స్. అది ఏ కంపెనీకీ చెందని, ఎవరైనా ఉచితంగా కంప్యూటర్లో వేసుకునే సిస్టం.

"మన మిషన్ మీద ఎవడో కంపెనీవాడి పెత్తనం ఏంటి?" అన్నాడు ఆ ఆదివారం, ల్యాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ గుచ్చుతూ. "ఎవరి మిషన్ మీద వాళ్ళకే అధికారం ఉండాలి. స్వేచ్ఛంటే అదీ!"

"నా టైపింగ్ ఫైళ్ళు పోవుగా?" అంది అక్క.

"నేను స్వేచ్ఛ గురించి చెప్తుంటే నువ్వు ఫైళ్ళంటావేంటి?"

ఫైళ్ళు పోయాయి.

ఆ రోజు నుంచి నా మనసులో ఆయన పేరు విముక్తి. ఆయన నాకు పెట్టిన పేరు మ్యూటు. మా ఊరి నుంచి వచ్చి, ఇక్కడ కాలేజీలో చేరి, వాళ్ళింట్లో ఉంటున్నాను. ఎవరైనా నావైపు చూసి ప్రశ్న వేస్తే నా నోట్లో మాట అక్కడే ఆరిపోతుంది. "ఏం మ్యూటూ, కొత్త సిస్టం ఎలా ఉంది?" అని అడిగి, నేను జవాబు చెప్పనని తెలుసు కాబట్టి, "చూశావా, నోట మాట రావట్లేదు!" అని ఆయనే మురిసిపోతాడు.

కొత్త సిస్టం ఎలా ఉందో రాయడం తేలికే. మూత వేస్తే నిద్రపోయేది. తీస్తే లేచేది కాదు. ఫ్యాను తిరుగుతూ ఉండేది, తెర నల్లగా ఉండేది, మంచంలో మెలకువగా ఉండి కళ్ళు మూసుకున్న మనిషిలాగ. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఒక చెవికే వినపడేది. కీబోర్డు మీద వెలుతురు పెంచే బటన్ నొక్కితే ఏమీ జరిగేది కాదు, శబ్దం తగ్గించే బటన్ నొక్కితే వెలుతురు తగ్గేది. ఇవన్నీ ఒక ఎత్తు. ట్రాక్‌ప్యాడ్ ఒక ఎత్తు.

ట్రాక్‌ప్యాడ్ అంటే కీబోర్డు కింద ఉండే ఆ నున్నటి పలక, దాని మీద వేలు రాస్తే తెర మీద బాణం కదులుతుంది. పాత సిస్టంలో అది వేలుకీ అరచేతికీ తేడా తెలిసిన పలక. విముక్తి పొందాక ఆ తేడా మర్చిపోయింది. వేలు పెడితే ఉలకదు, పలకదు. టైపు చేస్తూ మణికట్టు కాస్త వాలిస్తే మాత్రం ఎగిరి గంతేస్తుంది. మనం ఒక వాక్యం మధ్యలో ఉంటాం, బాణం ఇంకో వాక్యంలోకి దూకి అక్కడ క్లిక్ కొడుతుంది, మనం తల వంచుకుని కొట్టే అక్షరాలన్నీ అక్కడికి పోయి పడతాయి.

మామూలు ఇంట్లో అయితే ఇది నవ్వుకుని వదిలేసే సంగతి. అక్కకి కాదు. అక్క మందుల దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడి పనిచేస్తుంది. కూర్చోవడానికి స్టూల్ లేదు, ఉన్నా యజమాని కూర్చోనివ్వడు. ఇంటికొచ్చేసరికి పిక్కల మీద నరాలు ఉబ్బి నీలంగా కనిపిస్తాయి. ఇక నిలబడే పని మానుకోకపోతే ఆపరేషన్ దాకా వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. అందుకని ఇంట్లో కూర్చుని చేసే పని ఒకటి వెతుక్కుంది. ఆసుపత్రి డాక్టర్లు రోగుల వివరాలు మాటల్లో రికార్డు చేసి పంపుతారు, అవి విని టైపు చేసి పంపాలి. పనికి తీసుకునే ముందు ఒక పరీక్ష పెడతారు. ఒక్కసారే. తప్పితే మళ్ళీ పిలవరు.

పరీక్షకి సాధన చేస్తూ ఒక సాయంత్రం అక్క తాను కొట్టింది పైకి చదివింది. డాక్టర్ చెప్పింది, రోగి ఎడమ మోకాలికి వాపు ఉంది, ఆకలి బాగుంది, రాత్రి బాగా నిద్రపోయాడు అని. తెర మీద ఉన్నది ఇది:

"రోగి ఎడమ మోకాలికి ఆకలి బాగుంది. వాపు రాత్రి బాగా నిద్రపోయాడు."

నేను నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. అక్క నవ్వలేదు.

"ఏవండీ, ఈ పలకని ఆపేయండి. నాకు అక్కర్లేదు."

"ఆపేయడమా?" బావ అప్పుడే స్నానం చేసి తల తుడుచుకుంటున్నాడు. తువ్వాలు అక్కడే ఆగిపోయింది. "సమస్య వస్తే ఆపేయడం కంపెనీవాళ్ళ పద్ధతి. మనం పరిష్కరిస్తాం."

"ఎప్పుడు?"

"తప్పు లినక్స్‌ది కాదు తెలుసా? ఆ పలక తయారుచేసినవాడు దాని రహస్యాలు బయటపెట్టడు. వాడిది తప్పు."

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. మద్దెల నిన్నటిదాకా మోగింది కదా స్వామీ అని నేను మనసులో అన్నాను. మనసులో నేను బాగా మాట్లాడతాను.

అక్కే ఆపేద్దామంటే కుదరదు. సెట్టింగులు అనే పెట్టెనే బావ తీసేశాడు, బరువట. ఏది మార్చాలన్నా నల్లటి తెర మీద ఆయనే ఏవో వరసలు కొట్టాలి, దానికి ముందు ఒక పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ పాస్‌వర్డ్ కొట్టేటప్పుడల్లా "అటు తిరగండి" అంటాడు. అక్కా నేనూ గోడవైపు తిరుగుతాం. అద్దెకున్న ఈ రెండు గదులూ సైకిళ్ళ దుకాణం పైన ఉంటాయి. ఆ గోడకి ఒకచోట సున్నం పెచ్చు లేచింది. సైకిల్ ట్యూబులో గాలి కొడుతున్న చప్పుడు కింద నుంచి వినిపిస్తూ ఉంటే, ఆ పెచ్చుని చూస్తూ నిలబడతాం. సొంత ఇంట్లో, సొంత ల్యాప్‌టాప్ ముందు, బడిలో శిక్ష పడ్డ పిల్లల్లాగ.

మౌస్ ఒకటి కొనుక్కుందామా అంటే, ముందు అది పలక గంతులు ఆపదు. పైగా బావకి మౌస్ అంటే అలుసు. "మౌస్ పెట్టుకోవడమంటే ఓడిపోయామని ఒప్పుకోవడమే," అంటాడు. తర్వాత నావైపు తిరిగి, "అసలు మీ బడిలో మౌసులే లేవటగా? నీళ్ళు లేకుండా ఈత నేర్పినట్టు!" అని పకపక నవ్వుతాడు.

మా ఊరి బడిలో మౌసులు లేకపోవడమేం, ఉన్నాయి. హెడ్మాస్టరు గారి బీరువాలో ఉన్నాయి. పిల్లల చేతికిస్తే పాడవుతాయని ఆయన వాటిని ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి తాళం వేసేవారు. పైనుంచి అధికారులు వచ్చిన రోజున మాత్రం తీసి బల్లల మీద పెట్టి, "చెయ్యి వేసినవాళ్ళకి వీపు పగులుద్ది," అని చెప్పేవారు. అధికారులు చూసి సంతోషించి వెళ్ళాక మళ్ళీ బీరువాలోకి. అందుకని మా బడిలో అందరం కీబోర్డుతోనే నేర్చుకున్నాం. ట్యాబ్ కొడితే ఒక గడి ముందుకి, షిఫ్ట్‌తో కలిపి కొడితే ఒక గడి వెనక్కి, ఎంటర్ కొడితే నొక్కినట్టు. అక్క అలాగే నేర్చుకుంది, ఆ తర్వాత నేనూ. అది గొప్ప చదువని నేననను. హెడ్మాస్టరు పిసినారితనం అంతే.

అక్క ఇక బావని అడగడం మానేసింది. దుకాణం నుంచి ఖాళీ మాత్రల అట్టపెట్టె ఒకటి తెచ్చి, విప్పి, కొలతకి కత్తిరించి, ట్రాక్‌ప్యాడ్ మీద పరిచి నాలుగు వైపులా టేపు అంటించింది. అట్ట మందంగా ఉంది. మణికట్టు వాల్చినా కింద పలకకి తెలియదు. ఆ సాయంత్రం మోకాలికి వాపే వచ్చింది, ఆకలి రోగికే వేసింది. అక్క ముఖం చాలా రోజుల తర్వాత విచ్చుకుంది.

బావ వచ్చి చూశాడు. చెప్పులు కూడా విడవలేదు.

"ఏంటిది?"

"అట్ట."

"అట్టని తెలుస్తోంది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"ఎవరు చూస్తారండీ? నేనూ, చెల్లీ."

"గుంపులో మన సెటప్ ఫోటో పెట్టమని అడుగుతున్నారు. దగ్గు మందు అట్టతో పెట్టనా?"

"జ్వరం మందుది," అంది అక్క.

ఆయన టేపు పీకాడు. దూది మీద స్పిరిట్ వేసి జిగురు మరక పోయేదాకా తుడిచాడు, పుండు కడిగినంత జాగ్రత్తగా. తర్వాత కూర్చుని వరసలు కొట్టాడు. "ఇక చూడు, వెన్నలా ఉంటుంది," అన్నాడు. అక్క ఒక వాక్యం కొట్టింది. బాణం తెర చివరికి పోయి, అక్కడున్న గుర్తు మీద పడి, ఫైలునే మూసేసింది.

"ఇంకొంచెం సరిచేయాలి," అన్నాడు బావ.

కోతి పుండు బ్రహ్మరాక్షసి అయ్యిందని మా అమ్మ అంటూ ఉంటుంది. అమ్మ మా బావ గోళ్ళని ఎప్పుడు చూసిందో మరి.

పరీక్ష ఆదివారం మధ్యాహ్నం. పొద్దున్నే అక్క తలస్నానం చేసి, జడ గట్టిగా వేసుకుని, కుర్చీ మీద దిండు వేసుకుంది. కాళ్ళ కింద పీట పెట్టుకుంది. బావ ఇంట్లో లేనప్పుడు మళ్ళీ అట్ట అంటించుకుందామని నాతో గుసగుసగా అంది. కానీ బావ ఆదివారం ఇంట్లోనే ఉంటాడు. ఉండడమే కాదు, సాయం కూడా చేస్తాడు.

"ఇంకాసేపట్లో పరీక్ష కదా, ఒక్క అప్‌డేట్ వేసేస్తే అన్నీ సర్దుకుంటాయి," అన్నాడు.

"వద్దండీ. ఉన్నదాంతోనే కానిస్తాను."

"నీకు తెలీదు. కొత్త వెర్షన్‌లో ట్రాక్‌ప్యాడ్ సంగతి చూశారట. అటు తిరగండి."

తిరిగాం. పెచ్చు నిన్నటికంటే కొంచెం పెద్దదైనట్టు అనిపించింది. వెనకాల టకటకమని కీలు, తర్వాత ఫ్యాను హోరు. ల్యాప్‌టాప్ ఆగి, మళ్ళీ లేచింది. బావ పలక మీద వేలు రాశాడు. బాణం కదల్లేదు. రెండు వేళ్ళతో రాశాడు. అరచేత్తో రుద్దాడు. చివరికి చొక్కా అంచుతో తుడిచి, ఊది, మళ్ళీ రాశాడు.

పలక పూర్తిగా చచ్చిపోయింది.

నేను జీవితంలో చూసిన అందమైన దృశ్యాల్లో బావ ముఖం ఆ నిమిషాన ఒకటి. కానీ అక్క ముఖం చూడగానే నాకు ఆ సంతోషం నిలవలేదు. అక్క పెదవులు తెల్లబడ్డాయి.

"కంగారు పడకు," అన్నాడు బావ, తాను పడుతూ. "గోడౌన్‌లో మౌస్ ఉంది. వాచ్‌మన్‌ని అడిగి తాళం తీయించి తెస్తా. అరగంట!"

"ఓడిపోయినవాళ్ళది కదండీ అది?" అంది అక్క. అంత నెమ్మదిగా అంది కాబట్టి, అది వెటకారమని ఆయనకి మెట్లు దిగాక గానీ తెలిసి ఉండదు.

ఆయన వచ్చేలోపే పరీక్ష మొదలయ్యే వేళ అయింది. అక్క తెరవైపు చూసి, తర్వాత నావైపు చూసింది.

"ఏం చేద్దామే?"

"హెడ్మాస్టరు గారి బీరువా," అన్నాను నేను.

అక్క ట్యాబ్ మీద వేలు పెట్టింది. ఒక గడి, ఇంకో గడి, ఎంటర్. రికార్డింగ్ మొదలైంది. ఒక్క చెవిలోనే, కానీ మొదలైంది.

అప్పుడు మాకు అర్థమైంది. అక్క మణికట్లు హాయిగా పలక మీద వాల్చింది, పలక కిక్కురుమనలేదు. బాణం ఎక్కడికీ దూకలేదు. కొట్టిన అక్షరం కొట్టిన చోటే పడింది. ఇన్నాళ్ళూ అక్క కోరింది ఇదే. సమస్యని పరిష్కరిస్తానని ఇన్నాళ్ళు కుస్తీ పట్టిన మనిషి, చేతకాక, పొరపాటున పరిష్కరించేశాడు. కింద సైకిళ్ళవాడు గాలి కొడుతున్నాడు. డాక్టర్ ఎవరి పిత్తాశయం గురించో చెప్తున్నాడు. అక్క వేళ్ళు వానపడ్డట్టు పడుతున్నాయి. నేను ఊపిరి కూడా చిన్నగా తీసుకున్నాను.

టైపింగ్ అయింది. ఇక పంపాలి. చిక్కంతా అక్కడ వచ్చింది. పేజీ చివర పక్కపక్కనే రెండు బటన్లు ఉన్నాయి. ఒకటి "పంపండి", ఇంకొకటి "అంతా చెరిపి మళ్ళీ మొదలుపెట్టండి". ట్యాబ్ కొడితే మనం ఏ బటన్ మీద ఉన్నామో దాని చుట్టూ ఒక గీత కనపడాలి. కానీ బావ అందం కోసం తెర రంగులన్నీ మార్చేశాడు. నలుపు మీద ముదురు బూడిద. కళ్ళకి చల్లగా ఉంటుందట. గీత ఉందో లేదో బ్రహ్మకి కూడా తెలియదు.

అక్క రెండుసార్లు ట్యాబ్ కొట్టి ఆగింది. "దేని మీద ఉన్నాను?"

"తెలీట్లేదు."

"కొట్టేయనా?"

"వద్దు!"

నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకు తెలీదు. అక్క వేలు గాల్లో ఆగిపోయింది. ఈ తెరని పక్కనుంచి చూస్తే రంగులు తేడాగా కనపడడం నాకు గుర్తొచ్చింది. మంచం మీద పడుకుని చదువుకునేటప్పుడు ఎన్నోసార్లు చూశాను, నలుపు తెల్లబారినట్టు ఉంటుంది. మూత పట్టుకుని వెనక్కి వంచాను. ఇంకొంచెం వంచాను. నలుపు బూడిదైంది, బూడిద తేలిపోయింది, ఆ రెండింటి మధ్య సన్నటి గీత ఒకటి బయటపడింది. అది "అంతా చెరిపి" చుట్టూ ఉంది.

అక్క నావైపు చూడలేదు. ఈసారి షిఫ్ట్ కలిపి ట్యాబ్ కొట్టింది. గీత పక్కకి జరిగింది. ఇద్దరం మెడలు వంచి, చూసి, మళ్ళీ చూసి, అప్పుడు ఎంటర్ కొట్టింది.

"అందింది. ధన్యవాదాలు," అని వచ్చింది తెర మీద.

మెట్ల మీద దబదబ చప్పుడు. బావ చెమటలు కక్కుతూ వచ్చాడు, మౌస్‌ని గెలిచిన కప్పులా పైకెత్తి.

"తెచ్చాను! జరుగు, జరుగు!"

అది వైరు లేని మౌస్. అక్క దాన్ని తీసుకుని, తిప్పి చూసింది.

"దీని బుడిపె ఏదండీ? ల్యాప్‌టాప్‌కి గుచ్చేది?"

బావ మౌస్ వెనక మూత తీశాడు. అందులో బ్యాటరీ ఉంది, బుడిపె ఉండాల్సిన గుంట ఖాళీగా ఉంది. జేబులు తడుముకున్నాడు.

"అది... గోడౌన్ కంప్యూటర్‌కే ఉండిపోయినట్టుంది."

నేను నవ్వాను. చున్నీ అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి నవ్వాను. ఆయన నన్ను చూసిన చూపులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. మ్యూటులోంచి చప్పుడొచ్చింది మరి.

రెండు మూడు రోజుల తర్వాత అక్క దుకాణంలో ఉండగా ఫోన్‌కి కబురొచ్చింది. పనిలోకి తీసుకున్నారు. వచ్చే నెల మొదట్లో చేరాలి. అక్క ఆ సంగతి కౌంటర్ దగ్గర నిలబడే చదువుకుందట. ఇంటికొచ్చాక కూర్చుని మళ్ళీ చదివింది.

బావ ఆ సంతోషంలో తన వంతు తీసుకోవడానికి వచ్చాడు. "నీకో శుభవార్త. ట్రాక్‌ప్యాడ్ ఎందుకు చచ్చిందో తేలిపోయింది. గుంపులో ఒకాయన మందు చెప్పాడు. నువ్వు పనిలో చేరేలోపు బతికించేస్తా."

"బతికించొద్దు," అంది అక్క.

"అదేంటి?"

"చచ్చి మేలు చేసింది. దాన్ని అలాగే ఉండనివ్వండి."

"పనిచేయని భాగం పెట్టుకుని ఎలా ఉంటామే? నా మిషన్‌లో ఒక పార్ట్ చచ్చిందంటే నాకు నిద్ర పట్టదు."

"మీ మిషన్ కాదండీ. నాది."

అక్క గొంతు పెంచలేదు, పెంచితే బావకి తేలికయ్యేది. "ఎవరి మిషన్ మీద వాళ్ళకే అధికారం ఉండాలని రోజూ చెప్పేది మీరేగా? కంపెనీవాడి పెత్తనం పోయింది, మీ పెత్తనం వచ్చింది. వాడైనా నయం, నన్ను గోడవైపు తిరగమనలేదు. పాస్‌వర్డ్ చెప్పండి."

స్వేచ్ఛ గురించి ఎన్నో ఉపన్యాసాలిచ్చే బావ, సాయం కోసం నావైపు చూశాడు. నేను జాలి పడలేదు.

చెప్పాడు. ఆయన పేరే, చివర ఒకట్లు. అంత సేపు గోడకేసి చూసింది దీనికోసమా అనిపించింది. అక్క ఆయన ముందే దాన్ని మార్చేసింది.

ఆ రాత్రి ఆయన గుంపులో ఒక పోస్టు పెట్టాడు. "ఏకాగ్రత కోసం ట్రాక్‌ప్యాడ్ వాడకం పూర్తిగా మానేశాం. అంతా కీబోర్డుతోనే. ఇదే అసలైన పద్ధతి." కింద పొగడ్తలే పొగడ్తలు. ఒకాయన గురువు గారూ అన్నాడు. అందరికీ ట్యాబ్ ఎలా కొట్టాలో వివరంగా రాయమని అడిగారట. మర్నాడు కాఫీ తాగుతూ, ఎటో చూస్తూ, "మ్యూటూ, ఆ వెనక్కి వెళ్ళడానికి ఏం కొట్టాలి?" అని అడిగాడు. నేనేమీ అనలేదు. అలవాటు లేదు కదా.

అక్క ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చుని పనిచేస్తుంది, కాళ్ళు పీట మీద పెట్టుకుని. ఉబ్బు కొంచెం తగ్గింది. మోకాళ్ళకి ఆకలి వేయడం లేదు.

నిన్న బావ చాలాసేపు కుర్చీ వెనకాల తచ్చాడాడు.

"కొత్త అప్‌డేట్ వచ్చింది. చిన్నదే. శబ్దం రెండు చెవులకీ వస్తుందట."

"ఈ ఫైలు అయ్యాక," అంది అక్క.

ఆయన నిలబడే ఉన్నాడు. అక్క తీరిగ్గా ఫైలు ముగించి పంపింది. నల్లటి తెర తెరిచి, కీబోర్డు మీద చేతులు పెట్టి, ఆగింది.

"అటు తిరగండి."

బావ తిరిగాడు. గోడ మీద చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. సున్నం పెచ్చు లేచిన చోటు ఒకటుంది.